ఆ అంకె నాది

హలో… ఆఁ, నేనే బావా. ల్యాబ్‌లోనే ఉన్నా… లేదులే, పని ఎప్పుడూ ఉండేదే. చెప్పు.

నేనా? ఎక్కడికి పోతాను? నువ్వు మూడో అంతస్తులో, నేను సెల్లార్‌లో. ఒకే కప్పు కింద ఉన్నాం…

అవును, పైకి రాక రెండు రోజులైంది. మోకాళ్ల నొప్పులు… లిఫ్టు ఉందని నాకూ తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే చస్తున్నా, నువ్వు చెప్పాలా?… ఊఁ. ఒంట్లో ఏం తగ్గినా ఎత్తిపొడవడం మాత్రం తగ్గలేదు నీకు.

అక్క ఏది?… ఫ్లాస్కు పట్టుకుని వేణ్ణీళ్లకి వెళ్లిందా… అయితే పావుగంట పడుతుంది. అక్కడ లైను ఉంటుంది ఈ టైములో.

పెద్ద డాక్టరు వచ్చి వెళ్లాడా?… ఎన్నింటికి?… ఏమన్నాడు?

…

రేపు పొద్దున్నేనా.

…

మోకాలికి పైనా, కిందా?

కింద… ఊఁ.

ఉన్నా బావా, లైన్లోనే ఉన్నా. వింటున్నా.

సంతకం పెట్టావా?… ఎందుకు పెట్టలేదు?… ఆ కాగితం దిండు కింద దాచుకుంటే డాక్టరు మర్చిపోతాడా? ఆయనేమైనా మీ బేకరీ ఓనరా, పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మర్చిపోవడానికి?

సరే, నవ్వకు. నవ్వితే దగ్గొస్తుంది నీకు… నీళ్లు తాగు… తాగావా?

ఇప్పుడు చెప్పు. నాతో ఏం పని?

…

ఆ రిపోర్టా… ఆఁ, చూశాను. మూడు నెలల సగటు షుగరు. పదకొండు పాయింట్ నాలుగు.

మారిపోయిందంటావా… ఇంకెవరిదో రక్తం నీ పేరు మీద వచ్చిందంటావు… అర్థమైంది బావా, అంత గట్టిగా చెప్పక్కర్లేదు. పోయినసారి ఆరు పాయింట్ రెండు ఉన్నవాడికి ఏడు నెలల్లో పదకొండు ఎలా అవుతుందని… డాక్టరుతో కూడా ఇదే అన్నావా? ఏమన్నాడు?… ‘ల్యాబ్ వాళ్లనే అడగండి’ అన్నాడా.

ఊఁ. అందుకని నన్నడుగుతున్నావు.

…

మారలేదు బావా.

ఎలా తెలుసంటే… మొన్న సాయంత్రం నేనొచ్చి నీకు మళ్లీ సూది గుచ్చానా? ‘ఎన్నిసార్లు తాగుతావే నా రక్తం’ అన్నావు చూడు, అప్పుడు. అందుకే వచ్చా. నాకూ నీలాగే అనిపించింది, మారిందేమోనని. మారి ఉంటే బాగుండునని. నా చేత్తో తీశా, నా చేత్తో పేరు రాశా, మిషన్లో నేనే పెట్టా. అంకె వచ్చేదాకా అక్కడే నిలబడ్డా.

పదకొండు పాయింట్ మూడు.

ఇంకోసారి కూడా పెట్టా. అదే.

డాక్టరుతో నేనేం చెప్పను?… పదిహేను రోజులు ఆగమనా? ఆయన ఆ అంకె చూసి కోస్తున్నాడనుకున్నావా? ఎక్స్‌రేలో నీ మడమ ఎముక… నీకు చూపించలేదా… నేను చూశా. చెదలు తిన్న తలుపులా ఉంది బావా. చేత్తో నొక్కితే పొడి రాలుతుందేమో అన్నట్టుంది.

వాపు పరీక్ష ఒకటి చేస్తున్నాం రోజూ, ఒంట్లో ఎంత మంట రేగుతోందో చెప్పేది. ఐదు లోపల ఉండాలి. నిన్ను చేర్చిన రోజు నూట ఎనభై. మందులు ఎక్కించాక నూట యాభైకి దిగింది, నేను అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పా. నిన్న రెండొందల పది… అవును, పెరిగింది. మందులు ఎక్కుతుండగానే పెరిగింది.

…

ఒక్క నిమిషం బావా. — ఆ రక్తం గొట్టాలు ఆ ట్రేలో పెట్టి వెళ్లమ్మా, నేను చూస్తా. ఇంట్లోవాళ్ల ఫోన్. — ఆఁ, చెప్పు.

షుగరు తగ్గింది కదా అంటావా… నిజమే, నాలుగు రోజులుగా నూట నలభై దాటలేదు. మరి పుండు మానాలి కదా అని… ఊఁ.

ఎలా చెప్పను నీకు… ఆగు. నువ్వు బేకరీ మాస్టరువి కదా, నేనడిగిందానికి చెప్పు. బన్ను మీద ఆ ఎర్రటి రంగు ఎలా వస్తుంది?

హాస్యం కాదు బావా. చెప్పు.

పాలు పూస్తావు… ఓవెన్లో పెడతావు… పాలు పూయకపోతే?… జ్వరం మొహంలా ఉంటుందా. సరే. ఆ రంగేంటో తెలుసా? పాలల్లో ప్రోటీను ఉంటుంది. వేడికి దానికి చక్కెర అతుక్కుంటుంది. అతుక్కుని, ముదిరి, ఎర్రబడి, గట్టిపడుతుంది. మనిషి ఒంట్లోనూ అదే.

వేడి లేదు, నిజమే. ఒంటికి తొందర కూడా లేదు. నీ ఓవెన్లో పావుగంటలో అయ్యేది ఒంట్లో నెలలు, ఏళ్లు పడుతుంది. చర్మం కింద పీచు, నరాల చుట్టూ పొర, రక్తనాళాల గోడలు, అన్నిట్లోనూ ప్రోటీనే. రక్తంలో చక్కెర ఎక్కువైతే పోయి పోయి వాటికి పట్టుకుంటుంది.

ఇప్పుడు చెప్పు. ఓవెన్ ఆర్పేశావు. బన్ను తీసి బల్ల మీద చల్లారబెట్టావు. ఆ రంగు పోతుందా?

…

పోదు.

అంతే బావా. ఈ నాలుగు రోజులూ మనం చేసింది ఓవెన్ ఆర్పడం. అంతే.

వాపు ఎందుకంటే… ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. ఈ చక్కెర పట్టిన ప్రోటీను కంటపడితే వాటికి అది మన ఒంటిదిలా ఉండదు. ఏదో వచ్చి పడిందని గంట కొడతాయి. ఇంకా కొన్ని పరిగెత్తుకొస్తాయి, అవీ కొడతాయి. ఆ సరుకేమో అక్కణ్ణుంచి కదలదు. ఇంక గంట ఆగేదెప్పుడు?… మీ ఓవెన్ టైమరు ఒకసారి ఇరుక్కుపోయి రోజంతా మోగిందని చెప్పలేదూ? అందరూ అటూ ఇటూ పరిగెత్తడమే తప్ప ఆ రోజు ఒక్క రొట్టె కుదరలేదని… ఆఁ, అలాగే. నీ మడమ దగ్గర కాపలా వాళ్లందరూ పోగయ్యారు. పుండు పూడ్చడానికి ఒక్కరికీ చేతులు ఖాళీ లేవు. ఒక పక్క క్రిములు, ఒక పక్క వీళ్లు, మధ్యలో నీ కాలు.

…

బావా?… నిద్రపోయావా?

…

అంతా ఎప్పుడు అతుక్కుంది అంటావా.

ఆరు పాయింట్ రెండు ఉన్నవాడికి అంత ఎలా అతుక్కుంటుంది… ఊఁ. అడగాల్సిందే అడిగావు.

…

అక్క రాలేదు కదా ఇంకా?… సరే.

బావా, నీకొకటి చెప్పాలి. నేను పైకి రాంది మోకాళ్ల వల్ల కాదు.

ఆ ఆరు పాయింట్ రెండు నీది కాదు.

లేదు, గొట్టం నీదే. పేరు నీదే. మారలేదు. అది కాదు నేననేది, విను. మధ్యలో అడ్డం రాకు, మళ్లీ చెప్పే ధైర్యం నాకు రాదు.

ఆ పరీక్షకి నెల ముందు నీకేమైంది?… ఆఁ. నొప్పి మాత్రలు బఠాణీల్లా మింగి కడుపులో పుండు తెచ్చుకున్నావు. అది పగిలింది. ఒంట్లో రక్తం సగం పోయింది. మూడు సంచులు ఎక్కించాం. ఒకటి నాది… ఆఁ, ‘మరదలి రక్తం ఎక్కాక నాకూ నోరు పెరిగింది’ అని కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నావుగా. అదే. మిగతా రెండూ ఎవరివో. నాకు షుగరు లేదు. వాళ్లకీ ఉండి ఉండదు.

ఆ పరీక్ష ఏం చూస్తుందనుకున్నావు? ఎర్ర కణాల్లో ఒక ప్రోటీను ఉంటుంది, దానికి ఎంత చక్కెర అతుక్కుందో చూస్తుంది. కణం నాలుగు నెలలు బతుకుతుంది. అందుకే మూడు నెలల లెక్క తెలుస్తుందంటాం. నీ పాత కణాలు నువ్వు కక్కిన రక్తంలోనే పోయాయి. వాటి చోట వచ్చినవి నావి, ఆ ఇద్దరివి. మిగతావి నీ ఒంట్లో అప్పుడప్పుడే పుట్టిన కుర్రకణాలు. వాటికి చక్కెర పట్టడానికి టైమెక్కడుంది?

…

అదే. నేను నీకు ఫోన్ చేసి ‘బంగారం బావా నువ్వు, ఆరు పాయింట్ రెండు’ అని అరిచానే… ఆ అంకె నాది. నాదీ, ఆ ఇద్దరిదీ.

…

తెలుసు బావా! నాకు తెలియకేం? ల్యాబ్‌లో పనిచేసే ఎవర్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు, రక్తం ఎక్కించినవాళ్లకి ఆ పరీక్ష పనికిరాదని. అందుకే కాగితం మీద ఒక ప్రశ్న ఉంటుంది. ‘ఈ మూడు నెలల్లో రక్తం ఎక్కించారా?’ అవును, లేదు, రెండు గళ్లు. అవును అంటే రిపోర్టు ఆపి మా ల్యాబ్ డాక్టరు మేడమ్ దగ్గరికి పంపాలి. ఆవిడ వేరే పరీక్ష రాస్తుంది. నాలుగు రోజులు.

నీకేమో ఆ రోజే కావాలి. ఫిట్‌నెస్ కాగితం లేకుండా ఓవెన్ దగ్గరికి రావద్దన్నాడు కదా ఓనరు… ఆఁ. నిన్ను లైన్లో నిలబెట్టడం ఎందుకని నేనే తీసుకుని నింపా.

‘లేదు’ మీద టిక్కు పెట్టా.

…

నిన్న పాత ఫైల్లోంచి తీసి చూశా. నా రాతే.

…

తెలీదు బావా. ఒట్టు, నాకే తెలీదు. రోజుకి యాభై కాగితాలు నింపుతా, లేదు, లేదు, లేదు, అన్నీ లేదులే. అలవాటుగా చెయ్యి అటు పోయిందో… రిపోర్టు ఆగిపోతుందని తెలిసే పెట్టానో. పొద్దున ఇదనిపిస్తుంది, మధ్యాహ్నం అదనిపిస్తుంది. నా ఒంట్లోంచి తీసిన రక్తం బావా. చేతికి గుచ్చిన చోట మచ్చ కూడా పోయి ఉండదు అప్పటికి. ఆ చేత్తోనే.

తిట్టు… తిట్టవేం?

…

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? కేకు చేశావు. దాని మీద క్రీముతో ఆరు పాయింట్ రెండు అని రాసి, బేకరీలో అందరికీ కోసి పెట్టి, ‘ఆరు’ ఉన్న ముక్క నాకు తెచ్చావు. ఇదే బల్ల దగ్గర కూర్చుని తిన్నా… బాగుందన్నా కూడా.

మిషన్ సంగతా… అదీ గుర్తుంది. ఇంట్లో వేలికి గుచ్చుకుని చూసుకుంటే రెండొందల అరవై వస్తోందని ఫోన్ చేశావు. రెండుసార్లు… మూడా? మూడుసార్లు. నేనేమన్నాను?… ఆఁ. ‘ఆ ఆటబొమ్మని నమ్ముతావా, ల్యాబ్‌ని నమ్ముతావా, బ్యాటరీ మార్చు పో’ అన్నా.

మార్చావా!… మార్చినా అదే చూపించిందా… మరి నాకు చెప్పలేదేం?

…

నన్నే నమ్మావు.

ఊఁ.

ఇన్సులిన్ సగానికి తగ్గించిందీ ఆ అంకె చూసే. మళ్లీ పరీక్ష ఇప్పట్లో అక్కర్లేదన్నదీ అది చూసే. అవతల కాళ్లు మొద్దుబారిపోతున్నాయి. కాలిన వాసనొస్తే బన్నులు మాడుతున్నాయని ఓవెన్ తెరిచి చూశావు. కింద ఇనప పట్టీకి ఆనించిన నీ మడమే కాలుతోంది. చెప్పు కరిగి చర్మానికి అతుక్కుంటే గానీ తెలీలేదు నీకు…

అడుగు. ఏదైనా అడుగు.

…

కాలు ఉండేదా అంటే… తెలీదు బావా. పదకొండేళ్ల షుగరు నీది, అంతకుముందే ఎంత పట్టిందో. ఉండేదేమో. ఉండకపోనూ వచ్చు… లేదు, ఓదార్చడానికి అనట్లేదు. నాకు ఓదార్చే మొహం ఎక్కడిది?

ఇప్పుడేం చెయ్యలేమా… లేం. అడిగాను. షుగరు డాక్టర్ని అడిగా, పెద్ద డాక్టర్ని అడిగా. మా మేడమ్‌కి ఆ కాగితం చూపించి మరీ అడిగా. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత, రేపు కొయ్యకపోతే వారంలో మోకాలి పైకి పాకుతుంది అంది. ఆ పైన ఆగితే ఇంక కాలు గురించి మాట్లాడుకోవడం ఉండదంది.

నా ఉద్యోగమా? ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. దాని గురించి నువ్వు అడగడమేంటి బావా ఇప్పుడు…

రెండో కాలా? అడక్కు… అడగొద్దన్నానా… దానికీ చక్కెర పట్టే ఉంటుంది. చూసుకుంటూ ఉందాం. అంతకంటే నేనేం చెప్పినా అబద్ధమే.

…

కూర్చుని చేసే పనా… కేకుల మీద పేర్లు రాయడం… ఆఁ, అది కూర్చుని చెయ్యొచ్చు. ఓనరుని అడుగుదాం… నీ చేతి వేళ్లు ఎలా ఉన్నాయి?… క్రీము కోను పట్టుకుంటే తెలుస్తోందా?… రెండు వేళ్లకే తెలుస్తోందా. ఎప్పట్నుంచి?

…

సరే. సరేలే.

సంతకం పెడతావా?… పెన్నుందా?… ఊఁ.

ఏంటి?… అక్కకా?

లేదు బావా, చెప్పాలి. డ్యూటీ దిగగానే వచ్చి నేనే చెప్తా, నువ్వు పక్కనుండు చాలు…

ఎందుకొద్దు?

…

రేపట్నుంచి అక్కకి నేనొక్కదాన్నే దిక్కంటావా… నిన్ను లేపాలి, కూర్చోబెట్టాలి, స్నానాల గది దగ్గర ఆ రెండు మెట్లు దింపాలి. ఇంకో చెయ్యి ఎవరు వేస్తారంటావు… తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదని.

తొక్కనివ్వదు, నిజమే. నాకూ తెలుసు అక్క సంగతి.

అది కాదు బావా. అక్క రోజూ నాకు దణ్ణం పెట్టినంత పని చేస్తోంది. ‘నువ్వు ఇక్కడ ఉండబట్టి గానీ’ అంటుంది. అది నేనెలా వినను?

…

వినమంటావు.

…

నువ్వు తిట్టినా బాగుండేది.

సరే… సరేనన్నానుగా. చెప్పను… ఒట్లు వద్దు, చెప్పనంటే చెప్పను.

అక్క వచ్చిందా? ఫోన్ ఇవ్వు.

అక్కా… ఆఁ. వేణ్ణీళ్లు దొరికాయా?… ఏం లేదు, ఊరికే ధైర్యం చెప్తున్నా… సంతకం పెట్టేశాడా… ఊఁ… మొహం అలా ఉండకేం చేస్తుంది, పొద్దున్నే కాలు తీస్తామంటే?

ఏంటి? సరిగా వినపడట్లేదు. ఎక్కడికి నడుస్తున్నావు?… వరండాలోకా? ఎందుకు?… తలుపు దగ్గరికి వేశావా… చెప్పు. ఏమైంది?

నిన్న చిన్న డాక్టరమ్మ నిన్నేదో అడిగిందా… ఏమని?

…

ఆయనకి రక్తం ఎక్కించారా అని. ఎక్కించారన్నావు… షుగరు పరీక్షకి ముందా, తర్వాతా అని. ముందే అన్నావు… ఊఁ… ఆవిడేమంది?… ఏమీ అనకుండా రాసుకుందా. తలెత్తి చూడలేదా.

అక్కా, అదీ…

ఏంటీ?

…

నువ్వు చూశావా?

…

నా వెనకాలే… కౌంటర్ దగ్గర… బావ కుర్చీలో కూర్చున్నాడు, నువ్వు నా భుజం మీంచి చూస్తున్నావు… నేను టిక్కు పెడుతుంటే.

‘లేదు’ మీద.

…

మరి అప్పుడే అనొచ్చుగా అక్కా! ‘అదేంటి, ఎక్కించారు కదా’ అని ఒక్క మాట…

…

నాకు తెలిసే పెట్టుంటాననుకున్నావు.

లైను చాలా ఉంది… నేనెవర్నో విసుక్కుంటున్నా… మధ్యలో మాట్లాడితే అందరి ముందూ నిన్నూ కసురుతాననుకున్నావు… కసిరేదాన్నేనేమో. అప్పుడలాగే ఉండేదాన్ని. కసిరినా మళ్లీ చూసుకునేదాన్ని కదక్కా. గీత కొట్టి పక్క గడిలో పెట్టేదాన్ని.

ఏడు నెలలు… నిన్నటిదాకా నీకు మళ్లీ గుర్తే రాలేదా… ఊఁ. నాకు మాత్రం వచ్చిందా?

ఏడవకు. వరండాలో అందరూ తిరుగుతుంటారు… నీ తప్పెలా అవుతుంది? కాగితం నాది, చెయ్యి నాది. నువ్వు నమ్మావు, బావ నమ్మాడు, డాక్టరు నమ్మాడు. అందరూ నన్నే నమ్మారు, అక్కడే వచ్చింది చావు…

కోపం లేదా నా మీద?… ఎందుకు లేదు?

…

ఉన్నా ఏం చేసుకోనంటావు.

ఊఁ… ఊఁ… వింటున్నా.

బావకా?… చెప్పకూడదా?

…

నువ్వు చూసి కూడా ఊరుకున్నావని తెలిస్తే ఇంక నీ మొహం చూడడంటావా… ఎందుకు చూడడు అక్కా… సరే. సరే. నా సంగతి కూడా చెప్పొద్దా… రేపు థియేటర్‌లోకి వెళ్లేవాడికి ఏమీ తెలియకూడదు. డాక్టర్ల మీద పడి ఏడవనీ, తన ఖర్మ అనుకోనీ… అర్థమైంది.

…

చెప్పను. ఇద్దరికీ చెప్పను.

…

‘ఇద్దరికీ’ అన్నానా?… అబ్బే, ఏం లేదు… ఇద్దరికీ భోజనం నేనే తెస్తానంటున్నా.

…

అవును కదూ. ఆపరేషన్ ముందు తను ఏమీ తినకూడదు.

అయితే నీకొక్కదానికే తెస్తా… తినాలి అక్కా. రేపట్నుంచి ఎత్తాల్సింది నువ్వే.

పిలుస్తున్నాడా? వెళ్లు… కళ్లు తుడుచుకుని వెళ్లు.

ఆఁ… పెట్టేస్తున్నా.